రెండు గంటల కరాచీ

కరాచీ నుంచి ఉత్తరం వచ్చిన నాటి నుంచి సర్వరీ బేగం ఒకచోట కుదురుగా కూర్చోలేదు. రాసింది ఆమె అక్క జహీరా. పెళ్లయి భర్తతో అటు వెళ్లి పదిహేనేళ్లయింది. కడుపులో గడ్డ ఉందట, ఆపరేషన్ చెయ్యాలన్నారట. "ఒక్కసారి నిన్ను చూడాలె" అని చివర రాసింది.

అది 1964 జనవరి. జహీరాబాద్ బడిలో భూగోళం చెప్పే మాణిక్ సారు వాళ్ల పక్కింట్లోనే ఉండేవాడు. సర్వరీ వెళ్లి ఆయన గుమ్మంలో నిలబడింది.

"సారూ, బొంబాయికెళ్లి కరాచీ ఎంత దూరం?"

ఆయన అట్లాసు తెరిచి స్కేలు పెట్టాడు. "ఐదొందల యాభై మైళ్లుంటది చెల్లె. విమానంల రెండు గంటలు."

"రెండు గంటలేనా?" సర్వరీకి నవ్వొచ్చింది. ఎడ్లబండి మీద దగ్గర్లోని కోహీర్ పోవడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది.

మర్నాడే ఆమె భర్త బాబా మియా కుట్టుమిషను మూసి, పాస్‌పోర్టు, వీసా కాగితాల కోసం హైదరాబాద్ బస్సెక్కాడు. ఫొటో సరిగ్గా లేదని ఒకసారి, తండ్రి పేరు తప్పు పడిందని ఒకసారి తిప్పి పంపారు. ఫిబ్రవరి పోయింది. మార్చి పోయింది. పోస్టుమ్యాన్ సైకిల్ గంట వినిపిస్తే చాలు, పెనం మీద రొట్టె వదిలేసి సర్వరీ వాకిట్లోకి ఉరికేది. రొట్టెలు మాడేవి.

"జర సబర్ చెయ్యి, ఓపిక పట్టు," అనేవాడు బాబా మియా.

"ఆపా కడుపుల గడ్డ సబర్ చేస్తదా?"

ఏప్రిల్‌లో అనుమతి వచ్చింది, ఆమె ఒక్కదానికే.

"ఒక్కదానివి ఎట్ల పోతవ్?"

"బొంబాయి దాంక నువ్వు రా. ఆడికెళ్లి నడిచేది నేను గాదు గద, విమానం."

బొంబాయిలో విమానం మూడు గంటలు ఆలస్యమైంది. సర్వరీ లేచింది, కూర్చుంది, కౌంటర్లో మనిషిని నాలుగుసార్లు అడిగింది. ఎక్కాక కిటికీలోంచి సముద్రాన్ని చూడనే లేదు. "టైమెంతయింది భాయ్?" అని పక్కనున్న పెద్దమనిషిని అడుగుతూనే ఉంది. చివరికి ఆయన తన గడియారం విప్పి ఆమె చేతిలో పెట్టాడు.

సర్వరీ కరాచీ చేరేసరికి జహీరాకు ఆపరేషన్ అయి పన్నెండు రోజులైంది. దవాఖాన మంచం మీద పుల్లలా ఉంది. చెల్లెలిని కాసేపు గుర్తుపట్టలేదు. పట్టాక భుజం మీద ఒక్కటేసింది.

"ఇంత ఆలస్యం చేస్తవానే!"

సర్వరీ చెప్పులు విడిచి, ఆ మంచం అంచునే అక్క పక్కన పడుకుంది.

ఉండడానికి పదిహేను రోజులే ఇచ్చారు. పదో రోజుకు జహీరా దవాఖాన నుంచి ఇంటికొచ్చి నాలుగడుగులు వేసింది. బయల్దేరే పొద్దున చెల్లెలిని ముందు కూర్చోబెట్టుకుని జడ వేసింది. విప్పేసి మళ్లీ వేసింది. టాక్సీ అతను కేకలేసినా వదల్లేదు.

ఆ జబ్బు తిరగబెట్టలేదు. జహీరా చాలా ఏళ్లు బతికింది. కానీ మరుసటేడు యుద్ధం వచ్చి విమానాలు ఆగిపోయాయి. అక్కాచెల్లెళ్లు మళ్లీ కలుసుకోలేదు.