ఏడు మీద పెట్టిన వేలు

నేను ఒక చెక్క స్కేలుని. అడుగు పొడవు, రెండు వేళ్ల వెడల్పు, అసలు సిసలు టేకు. ఎవరింటి దర్వాజకో కోయగా మిగిలిన ముక్కను పారేయబుద్ధి కాక ఒక వడ్రంగి చిత్రిక పట్టి నన్ను చేశాడు. గీతలు మాత్రం తేడా లేకుండా గీశాడు, మహానుభావుడు. ఆయన్ని నేనేమీ అనను. మిగతా మనుషుల్ని అనే హక్కు నాకుంది. ఎందుకంటే మొదటి పదకొండేళ్లు బడిలో ఒక లెక్కల సారు చేతిలో ఉన్నాను. ఆయన నాతో గీతలు గీసింది తక్కువ. పిల్లల అరచేతులు నాకు తెలిసినంతగా వాళ్ల నోటు పుస్తకాలు తెలియవు.

ఆ సారు కూతురే హేమలత. బొగ్గు గనుల ఊళ్లో, తాగుడు మాన్పించే కేంద్రంలో కౌన్సెలరు. తండ్రి పోయాక ఆయన సొరుగులో నన్ను చూసి సంచిలో వేసుకొచ్చింది. నా చివరి రెండంగుళాల మీద తెల్ల ప్లాస్టరు అంటించేసింది. సున్నా నుంచి పది దాకానే ఆమెకు పని.

ఆ పని చూసి మొదట్లో నవ్వుకున్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, ఈమె అసలు ఏమీ చెప్పదు! నీతులు లేవు, ఒట్లు వేయించుకోవడం లేదు. నన్ను బల్ల మీద పెట్టి, "తాగుడు బందు చేసుడు నీకెంత ముఖ్యమన్నా? సున్నా అంటే అసలే కాదు, పది అంటే పానమంత. వేలు పెట్టి చూపియ్యి" అంటుంది. ఎదురుగా కూర్చున్న తాగుబోతు మూడు మీదో నాలుగు మీదో పెడతాడు. అప్పుడు అడుగుతుంది అసలు ప్రశ్న. "మూడెందుకు పెట్టినవ్? ఒకటెందుకు పెట్టలే?"

అంతే. తాగుడెందుకు మానాలో అతనే చెప్పడం మొదలుపెడతాడు. ఎవరు చెప్పినా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసే మనిషి, తన నోట వచ్చిన మాటను అంత తేలిగ్గా వదలలేడు. కొత్తగా చేరిన కౌన్సెలర్లకు ఆమె చేసే హెచ్చరిక కూడా ఒక్కటే. ఎప్పుడూ కింది అంకెతోనే అడగండి, "పదెందుకు కాదు?" అన్నారో, అతను తాగుడు తరఫున వకీలు అయిపోతాడు.

అట్లాంటి గదిలోకి ఓదెలు వచ్చాడు. నలభై మూడేళ్లు. బాయిలోపల, అంటే బొగ్గు గనిలో, కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. రక్తం కక్కుకుని ఆస్పత్రిలో పడ్డాక డాక్టరు తేల్చి చెప్పాడు, లివరు చెడిపోయింది, మళ్లీ తాగితే బతకవని. భార్య స్వరూప వెంటబెట్టుకొచ్చింది. అతను లోపలున్నంతసేపూ ఆమె బయట బెంచీ మీద తలుపు వంకే చూస్తూ కూర్చునేది.

మొదటి రోజు అతను రెండు మీద వేలు పెట్టాడు.

"రెండెందుకన్నా? సున్నా ఎందుకు పెట్టలే?"

ఓదెలు ఆ రెండు వంకే చూస్తూ అన్నాడు, "మా బిడ్డ నా పక్కన కూసుంట లేదు మేడం. వాసనస్తదంట."

"బిడ్డ పక్కన కూసుంటే మంచిగుండు అని నీకనిపిస్తాంది" అంది హేమలత నెమ్మదిగా. ఓదెలు ముఖం కప్పుకుని ఏడ్చాడు. నాకూ గుండె ఉంటే పగిలేదే.

వారం వారం వచ్చాడు. రెండు నాలుగైంది, నాలుగు ఐదైంది. ఐదో మంగళవారం ఏడు మీద పెట్టాడు. ఇరవై ఆరు రోజులుగా చుక్క ముట్టలేదు. "మొన్న బిడ్డ నాతోని కూసోని అన్నం తిన్నది మేడం" అన్నాడు, నవ్వుతూ.

ఏడెందుకు, ఐదెందుకు కాదు అని అడగాలి అప్పుడు. హేమలతకు తెలియదా? కానీ ఆ రోజు ఆమె సంతోషం పట్టలేకపోయింది. భయం కూడా ఉంది. మర్నాటి నుంచి అతను మళ్లీ డ్యూటీకి దిగుతున్నాడు. షిఫ్టు దిగాక జట్టు జట్టంతా బెల్టుషాపు మీదుగా ఇంటికి పోవడం అక్కడి రివాజు. ప్రేమా భయమూ కలిస్తే మనుషులకు నోరాగదు.

"ఏడు దాక వచ్చినవ్ గదన్నా! ఇంక మూడే. పదెందుకు పెట్టవ్?"

ఓదెలు ముఖంలో నవ్వు పోయింది.

"పదెట్ల పెడుత మేడం? మీరు బాయిల దిగలే. రేపు పైకొచ్చినంక అందరు అటే పోతరు. నేనొక్కన్ని ఇంటికి పోతె పెండ్లాం కొంగు పట్టుకున్నడంటరు. కప్పు కూలిననాడు నన్ను గుంజి బయటేసింది వాళ్లే. వాళ్లతోని కూసోకుంటె ఎట్ల?" ఒక్కో మాటకూ గొంతు గట్టిపడింది. ఒళ్లు నొప్పులన్నాడు, నిద్ర రాదన్నాడు. అయిదు వారాలు తాను చెప్పుకున్నదంతా పావుగంటలో తానే కొట్టేసుకున్నాడు. హేమలత నాలుక కరుచుకుంది, మాట మళ్లించబోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? అతను లేచి, ఎవరూ అడక్కుండానే నా మీద మళ్లీ వేలు పెట్టాడు. మూడు మీద.

"గింతే మేడం నాతోని అయ్యేది."

మర్నాటి నుంచి జట్టుతో కలిసి మళ్లీ తాగాడు. తొమ్మిదో రోజున మళ్లీ రక్తం కక్కుకున్నాడు. డాక్టరు చెప్పినట్టే అయింది.

నెల తర్వాత స్వరూప ఒక్కతే వచ్చి అతని కుర్చీలో కూర్చుంది.

"ఆ దినం లోపట ఏం మాట్లాడిన్రు మేడం? ఇంటికొచ్చి పొద్దుగూకేదాక ఒక్కటే అన్నడు, నాతోని గాదు, నాతోని గాదు అని."

రోగం ముదిరిపోయిందని చెబితే కాదనేవాళ్లు లేరు. హేమలత అట్లా చెప్పలేదు. నన్ను బల్ల మీద పెట్టి, ఏడు చూపించి, తాను అడిగిన ప్రశ్న చెప్పింది. అడగాల్సిన ప్రశ్న కూడా చెప్పింది. "తప్పు నాదే స్వరూపక్కా" అంది.

తిడుతుందనుకున్నాను. తిట్టాలి కూడా. స్వరూప ఆ ఏడు మీద తన వేలు పెట్టింది.

"మీరు ఒక్కపారి అడిగిన్రు మేడం" అంది. "నేను పద్దెనిమిదేండ్ల సంది రోజు గదే అడిగిన. ఎందుకు మానవ్, ఎందుకు మానవ్ అని. మానాలని నీకెందుకున్నదయ్యా అని ఒక్కనాడు గూడ అడగకపోతిని."

హేమలత లేచి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు.

ఆ తర్వాత హేమలత నన్ను వాడలేదు. కాగితం మీద గీత గీసుకుని అడుగుతోంది, కింది అంకెతోనే. నేను పాత ఫైళ్ల బీరువాలో ఉన్నాను, ఓదెలు ఫైలు మధ్యలో. నా పక్కనున్నది ఆఖరి కాగితం. కేసు ఎందుకు ముగిసిందో రాసే చోట పోయినవాళ్లందరికీ ఒక్క ముక్కే రాస్తారు, మరణం అని. హేమలత ఇంకో వాక్యం కలిపింది.

"ఏడు అన్నాడు, నేను వినలేదు."