ఆర్పేసిన షెడ్డు

భర్త పోయాక ఆమెకు వెలుగంటేనే గిట్టలేదు. ఇంటి దీపాలతోపాటు, ఆయన రోజూ సాయంత్రం కోళ్ల షెడ్డులో వేసే బల్బులూ ఆర్పేసింది. ఆయన మిగిల్చి పోయింది ఆ పెట్టలనే. కొన్నాళ్లకు గుడ్లు తగ్గాయి. మేత మార్చినా, ఆల్చిప్పల పొడి కలిపినా లాభం లేకపోయింది. పెట్టలు ఈకలు రాల్చసాగాయి.

చూడవచ్చిన మరిది తల పట్టుకున్నాడు. "వెలుగు తగ్గితే పెట్టలు గుడ్లు ఆపేసి ఈకలు రాలుస్తాయి వదినా! అన్నయ్య చెప్పలేదా?"

"చీకట్లో భయపడతాయని, జాలికొద్దీ వేస్తున్నారనుకున్నా."

"జాలా? తమ్ముడి మీదే లేదు ఆయనకి!"

"ఇప్పుడు వేస్తే?"

"మళ్లీ గుడ్డు చూడాలంటే నెలలు పడుతుంది. అందాకా మేతెక్కడిది? అమ్మేద్దాం."

కోళ్ల వ్యాపారి వచ్చాక, బోసిమెడల పెట్టలను ఒక్కొక్కటే ఆమే పట్టి ఇచ్చింది.

"ఏం జబ్బమ్మా వీటికి?"

"జబ్బు కాదు. దీపాలు నేనే ఆర్పాను."