మునిరామయ్య అరచెయ్యి

తిరుపతి బస్టాండు వెనక సందులో మునిరామయ్య రోజూ తొమ్మిదికి కొట్టు తెరిచి, భూతద్దం తుడుచుకుని కూర్చుంటాడు. టంకశాలలోనే తప్పుగా అచ్చుపడిన పాత నాణేనికి మంచి ధర పలుకుతుంది. బయట సుత్తి దెబ్బలు తిన్నదానికి టీ కూడా రాదు. ఆ తేడా చెప్పడమే ఆయన పని. దెబ్బ తిన్నదాన్ని పట్టుకుంటే ఆయన అరచెయ్యి కమిలిపోతుంది. పుట్టుకతో వచ్చిన తప్పయితే ఏమీ కాదు. అందుకని కొనేవాళ్ళు భూతద్దం సంగతి అడగరు, చెయ్యి చూపించమంటారు.

ఆ మంగళవారం పూతలపట్టులోని అత్తారింటి నుంచి కూతురు అమల వచ్చింది. చెన్నై నాణేల వ్యాపారి సుకుమార్ అప్పటికే కుర్చీలో ఉన్నాడు.

"అవ్వ నాకిచ్చింది నాయనా" అంటూ పాత నికెల్ రూపాయి ఆయన చేతిలో పెట్టి, తన రెండు చేతులతో గట్టిగా మూసింది. "ఇది నిజమైతే ఈడనే గది తీసుకోని మిషను కుట్టుకుంటా. ఇంక ఆడికి పోను."

"ఏమ్మా, గిరి ఏమన్నా అన్నాడా?"

అమల పరాయి మనిషి వైపు చూసింది. "ఏం లేదు నాయనా. నువ్వు రూపాయి సూడు."

ఇంకోసారి అడగాల్సింది. బేరం దగ్గర తనకు బంధువులు కనబడరని గొప్పగా చెప్పుకునే మనిషి, అడగలేదు.

ఒక పక్క సింహాలు శుభ్రంగా ఉన్నాయి. రెండో పక్క అవే సింహాలు తిరగబడి లోపలికి దిగి ఉన్నాయి. ముందు నాణెం అచ్చుకే అతుక్కుపోతే తర్వాతది ఇలా పుడుతుంది. రెండు నాణేలను కలిపి సుత్తితో కొట్టిన దొంగ సరుకైతే పై సింహాలు నలిగిపోవాలి. నలగలేదు. కళ్ళు నిజమన్నాయి. అరచెయ్యి మాత్రం భగ్గున మండి ఎర్రగా కమిలింది.

"లక్ష ఇస్తాను, చెయ్యి చూపించండి" అన్నాడు సుకుమార్.

మునిరామయ్య చూపించాడు. "దెబ్బ తినిందప్పా. చెల్లదు." కూతురి కోసం కూడా అబద్ధమాడనందుకు లోలోపల పొంగిపోయాడు.

అమల ఏడవలేదు. రూపాయి కొంగున ముడేసుకుంది. "పన్నెండు బస్సుకు పోతా నాయనా" అని వెళ్ళిపోయింది.

అన్నానికి చెయ్యి కడుక్కుంటూ చూసుకున్నాడు. నాణెం దెబ్బయితే రూపాయంత గుండ్రంగా తేలుతుంది. ఇప్పుడు అమల పట్టుకున్న చేతిలో నల్లగా తేలినవి నాలుగు వేళ్ళ గుర్తులు. మగవాడి వేళ్ళు.

మూడింటిదాకా అమలకు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. చివరికి గిరి ఎత్తాడు.

"ఫోను అమలకియ్యప్పా. ఆ రూపాయి నిజమే. నేనే తప్పు చెప్పినా."

"పోనీలే మామా" అన్నాడు గిరి నెమ్మదిగా. "చెల్లదని నువ్వే తేల్చినావంట గదా. ఇంటికొచ్చేసింది."

అవతల తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది.