ఢాకా కారీగర్

శ్యామ్‌సుందర్ మోసగాడు కాదు. ఆ మాట అబిడ్స్‌లో ఎవరినడిగినా చెబుతారు. రంగు పోతే చీర మారు మాట లేకుండా వెనక్కి తీసుకుంటాడు, జరీ కాని దాన్ని జరీ అనడు. కాకపోతే దుకాణదారుడు. నోట ఒక్క అబద్ధమైనా లేకపోతే పొద్దున్నే షట్టరు ఎత్తడం దేనికి? ఆయన ఆడేది కూడా ఒక్కటే అబద్ధం, ఆరేళ్లుగా అదే.

"గీ చీర ఢాకాది మేడం. గాడ కూసున్నడు సూడున్రి, గాయన గూడ ఢాకా మనిషే. తాతల కాలంకెల్లి గిదే పని."

ఆ కూర్చున్న మనిషి సైదుల్, దుకాణంలో చేతిపని చేసే కారీగర్. దుకాణంలోకి రాగానే ఎడమ చేతి వైపు, తెల్ల దుప్పటి పరిచిన గద్దె మీద కాళ్లు ముడుచుకుని, చిరిగిన జామ్‌దానీ చీరలకు రఫూ చేస్తుంటాడు. చిరుగు పడ్డ చోట పోగుకు పోగు కలిపి మళ్లీ నేసినట్టు చేస్తాడు. అతను చేసిన చోటు వేలితో తడిమినా దొరకదు. ఆరేళ్లలో గిరాకీల నోట విని తెలుగు కూడా నేర్చుకున్నాడు.

సైదుల్‌ది ఢాకా కాదు. మన బెంగాల్లోనే, బర్ధమాన్ జిల్లాలో కాల్నా పక్కన ఓ పల్లె. దుకాణంలో చీరలూ చాలావరకు అక్కడివే. కానీ కాల్నా అంటే అబిడ్స్‌లో ఎవరికి తెలుసు? ఢాకా అంటే కొనేవాళ్ల కళ్లు మెరుస్తాయి. అందుకే పనిలో చేరిన వారంలోనే శ్యామ్‌సుందర్ అతనికి పాఠం చెప్పాడు. "ఎవరన్న అడిగితే ఢాకా అను. ఇంక ఎక్కువ మాట్లాడకు." సైదుల్ బుద్ధిగా తలూపాడు. ఆ రోజు నుంచి ఎవరడిగినా అదే మాట.

ఈ మధ్య మన దేశానికీ, ఢాకా ఉన్న పక్క దేశానికీ చెడింది. మన నూలు తమ గడ్డ మీదికి లారీల్లో రావద్దని వాళ్లన్నారు. వాళ్ల బట్టలు సరిహద్దు దాటొద్దని మనవాళ్లన్నారు. లారీలు ఎక్కడివక్కడ ఆగాయి. టీవీలో రోజూ అరుపులే. బెంగాలీ మాట వినబడితే చాలు, పోలీసులు కాగితాలు చూపించమంటున్నారని, అనుమానం వస్తే సరిహద్దు అవతలికి తోసేస్తున్నారని వార్తలు. శ్యామ్‌సుందర్ ఆ వార్తల్ని వ్యాపారి చెవులతో విన్నాడు. సరుకు రాదంటే ఉన్నదానికి విలువ పెరిగినట్టే కదా! కోడలు మేఘన చేత ఫోన్లో వీడియో తీయించాడు. సైదుల్ భుజం మీద చెయ్యేసి, "ఢాకా మాల్ బంద్ అయినా ఫికర్ చెయ్యకున్రి, ఢాకా కారీగర్ మన దగ్గర్నే ఉన్నడు!" అన్నాడు. సైదుల్ నవ్వాడు.

శ్యామ్‌సుందర్ భార్య అనసూయకు అది నచ్చలేదు. "గా వీడియో తీసెయ్యున్రి. దినాలు మంచిగ లేవు."

"నీకు ధందా తెల్వదు, ఊకో," అన్నాడాయన.

నాలుగు రోజుల్లో నలభై వేల మంది చూశారు. మొదట్లో వీడియో కింద ధరలు అడిగారు. తర్వాత ధర అడిగేవాళ్లు తగ్గి, దుకాణం ఎక్కడని అడిగేవాళ్లు పెరిగారు. ఎదురు ఫుట్‌పాత్ దగ్గర ఒకతను రెండు రోజులు బైకు మీదే కూర్చున్నాడు. చాయ్ తాగలేదు, ఎవరితో మాట్లాడలేదు, దుకాణం వంకే చూశాడు. శ్యామ్‌సుందర్‌కు అదీ గిరాకీలాగే కనిపించింది. పాపం, అంత నమ్మకం ఆయనకు తన నోటి మీద.

మంగళవారం పదకొండు గంటలకు ఇద్దరొచ్చారు. చీరలు కొనేవాళ్లెవరూ బూట్లతో గద్దె ఎక్కరు. వీళ్లు ఎక్కారు. శ్యామ్‌సుందర్ నిచ్చెన మీద ఉన్నాడు, పై అరలోంచి చీరలు తీస్తున్నాడు.

"ఏ ఊరు భాయ్ నీది?" ఒకతను సైదుల్‌ని మెల్లగా అడిగాడు.

శ్యామ్‌సుందర్ వద్దని అరుద్దామనుకున్నాడు. ఈలోపే సైదుల్ సూది మీంచి చూపు తిప్పకుండానే, గిరాకీల కోసం దాచుకున్న నవ్వు నవ్వి, "ఢాకా, సాబ్. అసలీ ఢాకా," అన్నాడు.

రెండో అతని చేతిలో ఫోన్ పైకెత్తి ఉంది, ఆ మాట రికార్డయింది.

శ్యామ్‌సుందర్ నిచ్చెన దిగి పరుగున వచ్చాడు. "అన్నా, గది ఉత్తగనే, గిరాకీ కోసం అంటడు..."

"మీరు గూడ అన్నరు గద సేఠ్, వీడియోల. మేం సూసినం."

సైదుల్ సూదిని పోకుండా బట్టకు గుచ్చి, చీర మడత పెట్టి లేచాడు. "సాయంత్రం గీ చీర ఇయ్యాలె సేఠ్. గప్పటికి వస్త గద?"

"ఔ, వస్తవ్," అన్నాడు శ్యామ్‌సుందర్.

సైదుల్‌ని తీసుకెళ్లిన గంటలో ఆయన కూడా ఆ మఫ్టీ పోలీసుల ఆఫీసుకు వెళ్లాడు. నాంపల్లి స్టేషన్ వెనక పాత మేడ అది, బయట బోర్డు లేదు. వరండాలో బల్లల మీద పాతిక మంది దాకా ఉన్నారు, అందరూ సైదుల్ లాగే బెంగాలీ మాట్లాడేవాళ్లే. లోపల ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. సైదుల్ ఆధార్ కార్డూ, ఓటరు కార్డూ ఆయన ముందే ఉన్నాయి. వాటిని వేలితో పక్కకు జరిపాడు.

"కార్డులు ఎవడైన చేయించుకుంటడు. మీరు రాసియ్యున్రి. గీయన ఫలానా ఊరోడు, నేను గిరాకీలకు అబద్ధం చెప్పిన, అని. సంతకం పెట్టున్రి. ఇయ్యాల్నే తీస్కపోవచ్చు."

తెల్ల కాగితం, పెన్ను ముందుకొచ్చాయి. శ్యామ్‌సుందర్ పెన్ను పట్టుకుని, ఒక్క నిమిషం అని బయటికొచ్చి స్నేహితుడు రాంచందర్‌కు ఫోన్ చేశాడు. రాంచందర్ వకీలు.

"పిచ్చా నీకు? రాసినవంటే మోసం కేసు నీ మీదనే పడ్తది. ఆరేండ్ల గిరాకీలు నీ దుకానం ముంగట లైన్ కడ్తరు. రెండు దినాలు ఆగు, నేను సూస్త."

శ్యామ్‌సుందర్ లోపలికి వెళ్లి పెన్ను బల్ల మీద పెట్టేశాడు. రేపు వస్తానన్నాడు. వరండాలో సైదుల్ ఆయన్ను చూసి లేచి నిలబడ్డాడు. పని అయిందనుకున్నాడో ఏమో, నవ్వి చెయ్యెత్తాడు. శ్యామ్‌సుందర్ కూడా చెయ్యెత్తాడు. అంతకన్నా సిగ్గుమాలిన పని ఆయన తన జన్మలో చేయలేదు, ఆ సంగతి అప్పుడే ఆయనకు తెలుసు.

రెండు రోజులు దుకాణం తెరిచాడు, మూశాడు. వీడియో తీసేయించాడు. రాంచందర్ ఇంకా చూస్తూనే ఉన్నాడు. మూడో రోజు పొద్దున అనసూయ అన్నం వడ్డించలేదు.

"మీ నోటికొచ్చిన ఊరికి గా మనిషిని పంపిస్తరా? దుకానం పోతే పోనియ్యున్రి. పోయి రాసిరాన్రి."

ఆయన వెళ్లాడు. వరండాలో బల్లలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఎవరో నేల కడుగుతున్నారు. శ్యామ్‌సుందర్ గబగబా రెండు పేజీలు రాశాడు. కాల్నా, పల్లె పేరు, ఆరేళ్ల అబద్ధం, ఒక్కటీ దాచలేదు. సంతకం పెట్టి ఇచ్చాడు.

ఆఫీసరు నిదానంగా చదివాడు. "ఆరేండ్లు అబద్ధం ఆడిన అంటున్నరు. గిప్పుడు నిజం చెప్తున్నరని ఎట్ల నమ్మాలె సేఠ్?"

"దేవుని మీద ఒట్టు సార్."

"వాళ్లను నిన్ననే సరిహద్దుకు రైలెక్కించిన్రు. కాగితం పెట్టిపోన్రి, పైకి పంపుత."

ఆ కాగితం ఎంత పైకి పోయిందో ఎవరికీ తెలియదు. శ్యామ్‌సుందర్ రోజూ నాంపల్లి వెళ్లాడు, రోజూ అదే జవాబు. కాల్నా పక్కన పల్లెలో ఉన్న సైదుల్ భార్యకు ఫోన్ చేస్తే, ఏడుపు తప్ప ఇంకేమీ వినపడలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. కొత్త నంబరు, ఈ దేశానిది కాదు.

"సేఠ్, నేను, సైదుల్." గొంతు బొంగురు పోయింది. "బార్డర్ నది కాడ దించిన్రు. ఎనుకకు సూడకుండ నడువుమన్నరు. నడిసిన. గీడోళ్లు అన్నం పెట్టిన్రు, ఫోన్ ఇచ్చిన్రు. కానీ నువ్వు మా మనిషివి గాదంటున్నరు."

"సైదుల్, నేను రాసిచ్చిన. అంత రాసిచ్చిన," అన్నాడు శ్యామ్‌సుందర్. ఎప్పుడు రాసిచ్చాడో మాత్రం చెప్పలేకపోయాడు.

"అచ్ఛా సేఠ్. ఢాకాల మన ఇండియా ఆఫీస్ ఉంటదంట. గాడికి పోయి చెప్పుకుంటే ఇంటికి పంపుతరంట. పైసల్ లేవు, నడిసి పోత. మీరు గింతమందికి చెప్పిన్రు గద ఢాకా గురించి. నది కాడికెల్లి ఎంత దూరముంటది సేఠ్? ఏ దిక్కు నడవాలె?"

శ్యామ్‌సుందర్‌కు కళ్ల నీళ్లు ఆగలేదు.

"నాకు తెల్వదు సైదుల్. నేనెన్నడు సూడలే."

సైదుల్ ఎప్పటిలాగే మర్యాదగా, "పర్వలే సేఠ్, గీడోళ్లనే అడుగుత," అని ఫోన్ పెట్టేశాడు.