రెండు సూర్యుళ్ళ గ్రహంలో లాకు కాపలా

నీటిమట్టం చూపే గేజి చదివి రిజిస్టర్లో రాసి, షట్టర్ల మరలకు గ్రీజు పూసి, చేతులు కిరసనాయిలుతో కడుక్కుని, ఆశీర్వాదం ఎప్పటిలాగే హవాయి చెప్పులు గుమ్మం బయట విడిచి, హరిబాబు ఇంటర్నెట్ సెంటర్లో ఫ్యాను కింద కూర్చున్నాడు. ధవళేశ్వరం దిగువన కాలువ లాకు దగ్గర లస్కరు అతను, షట్టర్లు ఎత్తి దించి నీళ్ళు వదిలే కాపలా మనిషి. యాభై ఏడేళ్ళు. ఎండకు కమిలిన మెడ, మరలు తిప్పి కాయలు కాసిన అరచేతులు, మెడదాకా గుండీలు పెట్టుకున్న ఖాకీ చొక్కా. కంప్యూటరు ముట్టుకునే రకం కాదు. మరెందుకొస్తాడంటారా? పగటిపూట ఎక్కడ కునుకు పడుతుందోనన్న భయంతో. ఇక్కడైతే ఎవరో ఒకరు వాదించుకుంటూ ఉంటారు, నిద్ర దగ్గరికి రాదు.

ఆ భయం పద్దెనిమిదేళ్ళ నాటిది. ఎనభై ఆరో సంవత్సరం వరదల్లో మూడు రోజులు కంటిమీద కునుకు లేకుండా లాకు కాచాడు. మూడోనాటి మధ్యాహ్నం చూస్తే గేజి మీద నీళ్ళు అడుగు తగ్గాయి. హమ్మయ్య అనుకుని, షట్టర్లు ఎత్తకుండానే గోడకు చేరగిలబడ్డాడు. లేచేసరికి రెండు మైళ్ళు ఎగువన గట్టు తెగి, చెల్లెలు దీనమ్మ ఇల్లూ, రెండు గేదెలూ కొట్టుకుపోయాయి. తను నిద్రపోబట్టే గండి పడిందని అతని నమ్మకం. ఎవరికీ చెప్పలేదు. ఆనాటి నుంచి చెల్లెలింట్లో మెతుకు ముట్టలేదు. ఆవిడ ఎప్పుడు పిలిచినా “డ్యూటీ ఉందమ్మా” అనేవాడు. అన్నకు తనంటే గిట్టదేమోనని ఆ పిచ్చితల్లి కుమిలిపోయేది.

ఆవేళ హరిబాబు, తబిత పోట్లాడుకుంటున్నారు. తబిత కాన్వెంటులో కంప్యూటర్ టీచరు. ఒంటిపూట బడులు కాబట్టి భోంచేసి ఇక్కడికొచ్చింది. గొడవంతా ఒక వీడియో గేమ్ గురించి. అందులో ఓ గ్రహం, దానిమీద మహా కాలువ, లాకు కాచే కోరా అనే ముసలాడు. వాడు నిద్రపోవడంతో గట్టు తెగి నగరం మునిగిందట. జనం మండిపడి వాణ్ణి నక్షత్రాల అవతలికి వెళ్ళగొట్టారట. ఆట అక్కణ్ణుంచి మొదలవుతుంది.

“ఈ కథనిండా బొక్కలేనండీ హరిబాబుగారూ,” అంది తబిత. “రెండు సూర్యుళ్ళంటారు. ఒకటి దిగేసరికి ఇంకోటి ఎక్కుతుంది. మరి రాత్రి ఎప్పుడైంది, వాడు ఎప్పుడు నిద్రపోయాడు?”

“పగలే పడుకున్నాడండీ. బద్ధకస్తుడు!”

ఆ మాటకు ఆశీర్వాదం కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

“రాకెట్లున్న ఊళ్ళో లాకుకి మనిషెందుకండీ? మోటారు పెట్టుకోలేరా?” అంది తబిత.

“కరెంటు పోయిందేమో!” హరిబాబు అంత తేలిగ్గా వదిలే ఘటం కాదు. “ఇదిగో, వాడి డైరీలో ఆఖరి మాటలు చూడండి. ‘నీళ్ళు రెండు మూరలు తగ్గాయి, ఇక పడుకుంటాను.’ తప్పు వాడిదే. ఏమంటారు బాబాయ్? మీ డిపార్టుమెంటే కదా!”

పనిమాట అడిగితే ఆశీర్వాదం ఊరుకోలేడు. “షట్టర్లు దించే ఉన్నాయాండి?”

“దించే ఉన్నాయి.”

“పైనుంచి నీళ్ళు వస్తానే ఉన్నాయా?”

“వస్తున్నాయి బాబాయ్, వాన కూడానూ.”

“మరెలా తగ్గుతాయండి? మూసిన షట్టరు ముందు నీళ్ళు పెరగాలి గానీ తగ్గవు. తగ్గాయంటే పైనెక్కడో గట్టు అప్పటికే తెగిపోయినట్టండి. ఏ లస్కరునడిగినా చెప్తాడు.”

“అంటే వాడు పడుకోకముందే గండి పడిపోయిందన్నమాట!” తబిత చప్పట్లు కొట్టింది. “అయ్యో పాపం, అన్యాయంగా వెళ్ళగొట్టారండీ వాణ్ణి!”

ఆశీర్వాదానికి తన గేజి గుర్తొచ్చింది. ఆనాడు తగ్గిన ఆ అడుగు నీళ్ళు! ముప్పై ఏళ్ళుగా గేజి చదువుతున్నవాడు, ఆ ఒక్కనాటి గేజి మాత్రం చూశాడేగానీ చదువుకోలేదు. తప్పు తనదేనని తేల్చేసుకున్నవాడు మళ్ళీ లెక్క ఎందుకు చూసుకుంటాడు? నిద్రపోయిన మాట నిజమే. సంగతి కనిపెట్టి కేకేసి ఉంటే గేదెలైనా దక్కేవేమో, ఆ బాధ అతనికి ఉండనే ఉంటుంది. కానీ గట్టు తెగడం తన నిద్రవల్ల కాదు. ముమ్మాటికీ కాదు. పద్దెనిమిదేళ్ళ తర్వాత నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు. కళ్ళవెంట నీళ్ళు జలజలా రాలాయి.

“ఏంటి బాబాయ్, ఒంట్లో బాగోలేదా?” హరిబాబు కంగారుపడ్డాడు.

“బాగుందండి. చానా బాగుంది. ఓసారి ఫోన్ ఇప్పించండి.” తోటి లస్కరు భీమరాజుకు ఫోన్ చేసి, సాయంత్రం గేజి చూడమన్నాడు. అవతల భీమరాజు ఔనన్నాడో లేదో, ఇతను అప్పటికే లేచి నిలబడ్డాడు. “మా దీనమ్మ ఇంటికెళ్తున్నానండి. ఓ మాట చెప్పాలి. ఆకలి కూడా వేస్తందండి.”

రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. ఆశీర్వాదం మెట్లు దూకినట్టు దిగి, చెయ్యెత్తి అరుస్తూ పరిగెత్తాడు. ఆ వయసులో ఆ పరుగేంటని తబిత నవ్వింది. బస్సు ఆగింది, అతన్ని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. లోపల వాదన మళ్ళీ రెండో సూర్యుడి దగ్గరికొచ్చింది.

నాలుగింటికి తబిత ఇంటికి బయల్దేరింది. గుమ్మం బయట, చెప్పులు విడిచి రావాలని రాసిన అట్టముక్క కింద, ఆమె చెప్పుల పక్కనే, మడమల దగ్గర అరిగి, తెగిన పట్టీకి పిన్నీసు పెట్టిన హవాయి చెప్పులు, ఒకటి బోర్లపడి, మరొకటి రోడ్డువైపు తిరిగి ఉన్నాయి.