నేనడిగినా చెప్పొద్దు

రైలు దిగిన దగ్గర్నుంచి హెర్ష్ నాలుగడుగులు వెనకే నడుస్తున్నాడు. ముందు నడుస్తున్న గిట్లా అనే ఆవిడ ఆగితే ఆగుతాడు, కదిలితే కదులుతాడు. జర్మన్ల శిబిరంలోంచి ప్రాణాలతో బయటపడ్డాడు గానీ, ఒకరి ముందు నడిచే అలవాటు అక్కడే పోగొట్టుకున్నట్టుంది. ఎవరో ఇచ్చిన కోటు ఒంటిమీద వేలాడుతోంది. చేతిలో చిన్న తోలుసంచి. బ్రస్సెల్స్‌లో తోలుసంచులు కుట్టడమే అతని వృత్తి. మిగిలిపోయిన తోలుముక్కలు ఏరి కూతురికోసం కుట్టాడు. పోయిన వారం కూడా అదే పట్టుకొచ్చాడు. కూతురు దాన్ని కుందేళ్ళ బోనులోకి విసిరికొట్టి, అతని చెయ్యి కొరికి, అటకెక్కి కూర్చుంది.

“ఈసారి కూడా రానంటే ఇంక అడగనండి,” అన్నాడు హెర్ష్ వెనకనుంచి. “లాక్కెళ్ళను. పిల్లల్ని లాక్కెళ్ళడం చూశాను నేను. దాన్ని పెంచిన ఆ పెద్దావిడ దగ్గరే ఉండనిస్తాను.”

ఆ పిల్ల తప్ప అతనికి భూమ్మీద ఇంకెవరూ మిగల్లేదని గిట్లాకు తెలుసు. భార్య బ్లూమా పోయింది. చుట్టాలు పోయారు. ఇప్పుడు ఈ పిల్ల కూడా నువ్వెవరో తెలీదంటే ఆ మనిషి ఏ మొహం పెట్టుకుని రైలెక్కుతాడు?

యుద్ధంలో గిట్లా చేసిన పని వినడానికి గొప్పగానే ఉంటుంది. చేసేటప్పుడు అందులో గొప్పేమీ కనబడలేదు. తను యూదురాలే. కాదని చెప్పే దొంగ కాగితాలతో, ఒడెట్ అనే దొంగపేరుతో, యూదుల ఇళ్ళ తలుపులు తట్టేది. జర్మన్లకు దొరక్కుండా దూరపు ఊళ్ళలో దాచడానికి తల్లి చేతిలోంచి బిడ్డను తీసుకుని వెళ్ళిపోయేది. ఎక్కడికని తల్లి అడక్కూడదు, ఆమె చెప్పకూడదు. కోడిపిల్లను గద్ద తన్నుకుపోవడమే అది. బతికించడానికే ఎత్తుకెళ్తోందని తల్లికోడికి తెలుసు గానీ పిల్లకేం తెలుస్తుంది? ఆ పిల్లల్లో ఆమెను చూసి ఎదురు పరుగెత్తుకొచ్చినవాళ్ళు లేరు, దాక్కున్నవాళ్ళే. ఆమె అమ్మా, ఇద్దరు తమ్ముళ్ళూ జర్మన్లు ఎక్కించిన ఒకే రైలుబండిలో తూర్పు శిబిరాలకు పోయి తిరిగి రాలేదు. ఇప్పుడు ఆమెను గిట్లా అని పిలిచే నోరు ఒక్కటీ లేదు. యుద్ధం అయిపోయినా ఇంటావిడ ఒడెట్ అనే పిలుస్తోంది. సరిదిద్దబుద్ధి కాలేదు.

లియోంటీన్ పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతోంది. ఊరినిండా జర్మన్లున్నన్నాళ్ళూ ఆ పిల్లను తన మేనకోడలి కూతురని చెప్పి కాపాడిన మనిషి. ఎవరికీ భయపడదు, ఎవర్నీ వదలదు.

“వచ్చావా తల్లీ! నీ శిష్యురాలు పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నేర్పడం నేర్పావు గానీ, మరిపించడం రాదటే నీకు?”

“నిన్ను వదల్లేక రానంటోందేమో పెద్దమ్మా.”

“నన్నా? నిన్న కుందేలు కూర వండానని నాతో మాటలే మానేసింది! నా మొహం చూసి ఉంటానంటే ఈపాటికి ఊరంతా చాటింపు వేయించేదాన్ని.” అంతలో హెర్ష్‌ను చూసి గొంతు తగ్గించింది. “ఆయన్ని కూర్చోమనవే. గాలొస్తే పడిపోయేట్టున్నాడు. అచ్చం పిల్ల కళ్ళే. కళ్ళు లేనివాడికైనా తెలుస్తుంది.”

హెర్ష్ కూర్చోలేదు. పెరటి దడి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

పిల్ల కుందేళ్ళ బోను ముందు గొంతుక్కూర్చుని ఆకు వేస్తోంది. ఎనిమిదేళ్ళది. వచ్చింది ఎవరో చూసి కూడా తల తిప్పుకుంది. గిట్లా పక్కనే కూలబడింది.

“నీ పేరేంటమ్మా?”

“మోనిక్ లెక్లెర్. లియేజ్‌లో పుట్టాను. మా అమ్మా నాన్నా బాంబు పడి చచ్చిపోయారు,” అని గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది.

ఒక్క అక్షరం పొల్లుపోలేదు. పోదు మరి, అలా నేర్పింది. అప్పుడప్పుడూ వచ్చి, మాటల మధ్యలో హఠాత్తుగా “మల్కా!” అని అసలు పేరుతో పిలిచేది గిట్లా. పిల్ల వెనక్కి తిరిగిందో, తప్పినట్టే. మొదట్లో తిరిగేది. తిట్లు తిని ఏడ్చేది. ఒకరోజు తిరగడం మానేసింది. ఆ రోజు గిట్లా దాని తల నిమిరి మెచ్చుకుని, స్టేషన్ దాకా ఏడుస్తూ నడిచింది.

“యుద్ధం అయిపోయింది మల్కా. ఇప్పుడు చెప్పొచ్చు.”

“ఇది పరీక్షే కదా?” అంది పిల్ల, కుందేలు వైపే చూస్తూ.

“కాదమ్మా. ఒట్టు.”

“నేనడిగినా చెప్పొద్దని మీరేగా అన్నారు. ఒట్టేసినా నమ్మొద్దన్నారు.”

నిజమే, అన్నది. తను కట్టిన ముడి తన పళ్ళకే రావడం లేదు. గిట్లా దడి వైపు చూపించింది. “ఆయన మీ నాన్న. నీకు తెలుసు. తెలీదా?”

పిల్ల అటు చూడలేదు. కింది పెదవి మాత్రం వణికింది. తెలుసని గిట్లాకు అర్థమైంది. తెలిసే కొరికింది, తెలిసే అటకెక్కింది.

“మరెందుకే?”

పిల్ల చేతిలో ఆకు కింద పడేసి ఆమె చెవి దగ్గరికి వచ్చింది. “మీరు నన్ను తీసుకెళ్ళిన రోజు గుమ్మంలో మా అమ్మ నా చెవిలో చెప్పింది. పేరు ఎవ్వరికీ చెప్పకుండా ఉంటే వస్తానంది. చెప్తే రాదంట. నాన్నొచ్చాడు. అమ్మ రావద్దా?”

ఆ తల్లి వంగి చెవిలో ఏదో చెప్పడం గిట్లా చూసింది. దీవెన అనుకుంది. తొందరపెట్టింది కూడా. పిల్ల నోటికి వెయ్యడానికి ఆ పిచ్చితల్లికి ఆ క్షణాన వేరే తాళం దొరకలేదు. ఆ తాళం పట్టుకునే పిల్ల మూడేళ్ళు బతికింది.

గిట్లా హెర్ష్ వైపు చూసింది. ఈ మాట చెప్పవలసింది తండ్రి. అతను రెండు చేతులతో దడికర్ర పట్టుకుని నేల చూస్తున్నాడు. అతని వల్ల కాదు. చెప్పిన మనిషిని ఈ పిల్ల జన్మలో క్షమించదు. ఆ మనిషి తండ్రి కాకపోవడమే మంచిదనుకుంది గిట్లా. తన దగ్గర పోవడానికి ఏముంది?

“మీ అమ్మ రాదు మల్కా. నువ్వు చెప్పినా రాదు, చెప్పకపోయినా రాదు. జర్మన్లు చంపేశారు.”

“నేను చెప్పలేదుగా! ఒక్కసారి కూడా చెప్పలేదుగా!”

“చెప్పలేదు తల్లీ. నీ తప్పు ఇంతైనా లేదు.”

“అబద్ధం! నువ్వు అన్నీ అబద్ధాలే చెప్తావ్! నువ్వే తీసుకుపోయావ్ నన్ను!” ఎప్పుడూ మీరు అనే పిల్ల నువ్వులోకి దిగింది. రెండు పిడికిళ్ళతో గుండెల మీదా మొహం మీదా కొట్టింది. గిట్లా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. పిల్ల అలిసిపోయి, లేచి, దడి వైపు పరుగెత్తి హెర్ష్ కోటులో మొహం దాచుకుంది. మూడేళ్ళుగా నోట్లోకి రానివ్వని యిడ్డిష్‌లో, అమ్మానాన్నల యూదు భాషలో, అరిచింది.

“నాన్నా, ఆవిడ్ని పొమ్మను!”

హెర్ష్ మోకాళ్ళ మీద కూలిపోయి పిల్లను వాటేసుకున్నాడు. దాని తల మీదుగా గిట్లాను చూశాడు. సంతోషం పట్టలేకపోతున్నాడు, సిగ్గుతో చచ్చిపోతున్నాడు. “ఏమీ అనుకోకండి. చిన్నపిల్ల.”

“అనుకోవడానికేముంది? లోపలికి తీసుకెళ్ళి ఏదైనా తినిపించండి. పొద్దున్నుంచి ఏమీ తినలేదట.”

“సూపు తాగి వెళ్ళవే,” అని లియోంటీన్ గుమ్మంలోంచి కేకేసింది.

“రైలుకు టైమైంది పెద్దమ్మా.”

సాయంత్రం దాకా రైలు లేదు. స్టేషన్ బెంచీ మీద కూర్చుంటే చెంప మండుతోంది. పిల్ల చేత నాన్నా అనిపించడానికే వచ్చింది, అనిపించింది. కడుపు నిండిపోయేంత సంతోషంగా ఉంది ఆమెకు. ఇలా అయిందర్రా అని ఎవరికైనా చెప్పుకోవాలనిపించి అటూ ఇటూ చూసింది. బెంచీ మీద ఇంకెవరూ లేరు.