దావ్ ఇంకా ఏటి మధ్యలోనే

పడవ ఎటు పోతోందో తెలియదు కానీ ఎక్కి చాలాసేపే అయినట్టుంది, నా చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి, ఎదుటి బల్ల మీద కుంగ్ అక్క కాళ్ళు మడుచుకుని కూర్చుని పచ్చిమామిడి ముక్కలు ఉప్పూకారంలో అద్దుకుని తింటోంది, కాలువకి రెండు వైపులా ఉన్న ఇళ్ళు బ్యాంకాక్ ఇళ్ళలా మొదలై నేను తల తిప్పేలోగా మా భీమిలి ఇళ్ళయిపోతున్నాయి, డాబాల మీద ఆరేసిన బట్టలు మాత్రం రెండు ఊళ్ళకీ అవే. ఈమె చనిపోయిందన్న సంగతి నాకు బాగానే గుర్తుంది. అయినా ముక్క అందిస్తే చెయ్యి చాపుతున్నాను.

"పులుపేటే?" అని అడుగుతుంది.

"చచ్చేంత పులుపు," అనేసి నాలుక కరుచుకుంటున్నాను.

పడీపడీ నవ్వుతుంది. "పర్లేదులేయే కొండమ్మా. ఆ మాట ఇప్పుడు నాకేం తగల్దు."

ఆమె అసలు పేరు సుపాణీ. థాయ్ వాళ్ళలో ప్రతి మనిషికీ ఇంట్లో పెట్టిన ముద్దుపేరొకటి ఉంటుంది, మంత్రిగారైనా సరే అందరూ దాంతోనే పిలుస్తారు. ఈమెది కుంగ్, అంటే రొయ్య. దేశమంతా చదివిన నవలాకారిణిని రొయ్యక్కా అని పిలవడానికి మొదట్లో నాకు నోరు రాలేదు. మా ఆయన ఓడల కంపెనీ ఉద్యోగం పుణ్యమా అని బ్యాంకాక్‌లో ఉన్నన్నాళ్ళూ ఆ భాష నేర్చుకోవడానికి, ఆమె పుస్తకాలు తెలుగులోకి తేవడానికి నేను పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు. ఒకే మాటని గొంతు ఎత్తి అంటే ఒక అర్థం, దించి అంటే ఇంకో అర్థం. బతికుండగా ఒక్క తెలుగు ముక్క రాని ఈ మనిషి ఇప్పుడు మా విజయనగరం పిన్ని యాసలో దంచేస్తుంటే నాకు ఆశ్చర్యం లేదు, ఒళ్ళు మంట మాత్రం ఉంది.

"ఇంత బాగా వచ్చినదానివి, నాచేత అంత చాకిరీ ఎందుకు చేయించావక్కా?"

"పోయేక వొచ్చిందే. పోయినోళ్ళకి యాకరణం పరీచ్చలుండవు."

కాలువ వెడల్పు అవుతోంది. ఎడమ ఒడ్డున ఇళ్ళకి బదులు రేకుతో చేసినట్టున్న రాకెట్లు నిలబడి ఉన్నాయి, వాటి నీడలో ఆడవాళ్ళు చంద్రుడి మీద వరి నాట్లు వేస్తున్నారు, అవి ఆమె పడుచుతనంలో రాసిన కథలు. ఆడపిల్లకి రాకెట్ల గోలెందుకు, వంటల శీర్షిక రాసుకోమని పత్రికల్లో పెద్దమనుషులు ఎకసెక్కాలాడిన కథలు. కుడి ఒడ్డున పొడుగాటి మసక గది, అందులో ఒక ముసలమ్మ తన కూతురి పేరు మరిచిపోయి కిటికీ దగ్గర కూర్చుంది, అది పెద్ద బహుమతి తెచ్చిపెట్టిన నవల, ప్రొఫెసర్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టినది. ఆ ముసలమ్మ అచ్చంగా కుంగ్ అక్క తల్లే. ఆ రెండు ఒడ్లనీ నేనే తెలుగులోకి తెచ్చాను, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీయకుండా. ఆ విషయంలో నేను మహా మొండిదాన్ని.

"మధ్యలో ఏటుందో సూడవేటి?" అంటుంది అక్క, తను మాత్రం మామిడి ముక్కల కేసే చూస్తూ.

మధ్యలో ఏముందో నాకు తెలుసు. అందుకే చూడటం లేదు.

"అది సరేగానీ," అని తనే మాట మారుస్తుంది, "నా చావు పుస్తకం ఎలా వొచ్చింది?"

వాళ్ళ దేశంలో మనిషి పోతే, దహనానికి వచ్చినవాళ్ళకి ఆ మనిషి గురించి ఒక పుస్తకం అచ్చువేసి పంచుతారు. ఈమె పుస్తకం వాళ్ళ అన్నగారు దగ్గరుండి వేయించారు, మంచి కాగితం, బంగారు అక్షరాలు, తల్లి మీద రాసిన నవలలో రెండు అధ్యాయాలు, బహుమతి అందుకుంటున్న ఫొటో.

"రాకెట్లు ఉన్నాయా?"

"లేవక్కా."

"దావ్?"

నేను తల అడ్డంగా ఊపుతున్నాను. అన్నగారు ఆ రోజు నాతో ఎంతో మర్యాదగా అన్నారు, దావ్ లాంటి పిల్లల పుస్తకాల సంగతి ఇక్కడెందుకులే అని. ఆ మాట అక్కకి చెప్పకుండా మింగేస్తున్నాను. ఆమె నా మొహం చూసి చదివేసుకుంటుంది.

"పోనీలే. ఆడిని అనీసి ఏటి లాభం, ముందు నాను కదేటి దాన్ని దాచీసింది." మళ్ళీ అంటుంది, "అది కాదుగానీ, చందనం పువ్వులు పంచినారు కదా. వొచ్చినోళ్ళందరూ మెట్లెక్కి నా కాళ్ళ కాడ పెట్టినారు. నీది రాలేదేటి?"

చెక్క పొరలతో చేసిన ఆ పువ్వు చిన్నది, తెల్లగా, బొటనవేలంత. చేతిలో పెట్టగానే పేరంటంలో తాంబూలం ఇచ్చినట్టు ఇచ్చారనుకుని, కళ్ళు తుడుచుకుంటూ హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఇంటికి తెచ్చేసుకున్నాను. మంటలోకి వెళ్ళాల్సిన పువ్వని తర్వాత ఎవరో చెబితే సిగ్గుతో చచ్చిపోయాను.

"తాంబూలం అనుకున్నానక్కా," అంటున్నాను.

ఆమె నవ్వుకి పడవ ఇటూ అటూ ఊగి నీళ్ళు లోపలికి వస్తున్నాయి, నేను బల్ల అంచు గట్టిగా పట్టుకుంటున్నాను, ఎక్కడో తెడ్డు పడుతున్నట్టు టప్, టప్ మంటోంది, తెడ్డు మాత్రం మా ఇద్దరి చేతుల్లోనూ లేదు.

"తెచ్చి ఇచ్చేస్తాను," అంటున్నాను.

"వొద్దే. ఒక్కటైనా కాలకుండా ఉండనీ."

ఇక చూడక తప్పదు. మా ముందు, ఏటి నడుమ, ఒక చిన్న దోనె నిలిచి ఉంది, అందులో పన్నెండేళ్ళ పిల్ల దీపం పట్టుకుని కూర్చుంది, గాలికి ఆరకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని. దావ్ అంటే నక్షత్రం. అవతలి ఒడ్డున చీకట్లో ఉన్న ఊరికి వెలుగు తీసుకువెళ్ళాలని బయల్దేరిన పిల్ల. అక్క రాసిన ఆ పిల్లల కథ రెండో భాగం ఆఖరి పేజీలో ఏటి మధ్యకి వచ్చింది. మూడో భాగం రానే లేదు. పుస్తకాల పండగలో పిల్లలు అమ్మ కొంగు పట్టుకున్నట్టు అక్క చెయ్యి పట్టుకుని, దావ్ దాటిందా అని అడిగేవాళ్ళు, వచ్చే ఏడు అనేది. ఆ పిల్లలే పెద్దవాళ్ళయి తమ పిల్లల్ని తీసుకొచ్చి అడిగారు, అప్పుడూ వచ్చే ఏడే అంది. ఆ ఆఖరి పేజీ ఇప్పుడు తెలుగు చెయ్యడానికి ఇంట్లో నా రాతబల్ల మీద ఉంది. తెలుగు పిల్లలూ రేపు నన్ను అదే అడుగుతారు.

నాకు కోపం ఆగడం లేదు. "ఎందుకు వదిలేశావక్కా దాన్ని? ఎంత చలిగా ఉంటుందో చూడు. ఎదగను కూడా ఎదగలేదు."

ఆమె చేతిలోని ముక్క నీళ్ళలో పడిపోతుంది. "బగుమతి వొచ్చేక సిగ్గేసిందే. ఇంత పెద్ద రచయిత్రిని, మళ్ళా మంత్రం దీపాల కథలేటి అనుకున్నాను. ఇంకొక్క పెద్ద నవల రాసీసి దీని కాడికి వొద్దామనుకున్నాను. అదయ్యేక ఇంకోటి. దాన్ని దాటించడానికి ఒక్క వాక్యం సరిపోయీది కొండమ్మా, ఒక్కటంటే ఒక్కటి. నన్ను సూసి నవ్వినోళ్ళున్నారే, ఆ పెద్దమనుషులు, ఆల్లలాగే నానూ అయిపోయాను."

ఏడుస్తోంది. నవ్వినప్పుడు ఊగిన పడవ ఇప్పుడు కదలడం లేదు. అక్కా అని దగ్గరికి జరగబోతే మా మధ్య బల్ల పొడుగవుతోంది.

"నువ్వు దాటించీయవే దాన్ని," అంటుంది.

"నా వల్ల కాదు. నీది కాని మాట నేనెలా రాస్తాను?"

"అయితే నాను చెప్తాను, నువ్వు రాసుకో."

నేను వంగి చెవి ఒగ్గుతున్నాను, ఆమె పెదాలు కదులుతున్నాయి, కానీ తెలుగు పోయింది, మళ్ళీ తన భాషలోకి వెళ్ళిపోయింది, గొంతు ఎత్తిందో దించిందో అందడం లేదు, టప్, టప్ అన్న చప్పుడు మాట మీద పడుతోంది, ఇంకోసారి చెప్పక్కా అంటున్నాను, ఇంకొక్కసారి, నీకు దణ్ణం పెడతాను, ఆమె ఓపిగ్గా మళ్ళీ చెబుతూనే ఉంది, నేను మళ్ళీ అడుగుతూనే ఉన్నాను, ఆమె మొహం నీటి మీద మొహంలా చెదురుతోంది.

కళ్ళు తెరిచేసరికి తెల్లవారింది, వాన పడుతోంది. ఆ వాక్యంలో ఒక్క అక్షరం కూడా నాకు దక్కలేదు. మంచం మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను.

ముసురు పట్టినప్పుడల్లా మా గదిలో కిటికీ పక్కన స్లాబు కారుతుంది, నిన్న పడుకునే ముందు బల్ల పక్కన స్టీలు బేసిన్ పెట్టాను. చుక్కలు ఇంకా టప్, టప్ మని పడుతున్నాయి, బేసిన్ సగానికి పైగా నిండింది. బల్ల మీద కాగితాలు ఫ్యాను గాలికి చెదిరి ఉన్నాయి. దావ్ ఆఖరి పేజీలో గుర్తుగా పెట్టుకున్న చందనం పువ్వు అక్కడ లేదు. వంగి చూశాను. ఎప్పుడు పడిందో, బేసిన్‌లో ఉంది. మధ్యలో చుక్క పడ్డప్పుడల్లా నీళ్ళు కదులుతున్నాయి, పువ్వు మాత్రం కదలడం లేదు, అది అవతలి అంచుకి చేరి ఆనుకుని ఉంది.